పక్కవాడి జీతమెంత?

ఆడవాళ్ల వయసు, మగవాళ్ల జీతం అడక్కూడదంటారు. సరదాకి అనుకునే మాటే. కానీ అందులో ఓ తిరకాసు ఉంది. మగవాళ్ల జీతం ఎవరూ అడగకపోతే, అదే చోట అదే పని చేసే ఆడమనిషికి తనకెంత రావాలో తెలిసేదెలా?

లిల్లీ లెడ్‌బెటర్‌కి ఆ సంగతి తెలియడానికి పందొమ్మిదేళ్లు పట్టింది. అదీ ఎవరో పుణ్యాత్ములు పేరు రాయకుండా ఓ చీటీ పెట్టబట్టి! ఆ చీటీ పుణ్యమా అని అమెరికాలో ఓ చట్టమే వచ్చింది. దానికి ఆమె పేరే పెట్టారు. ఆమెకు మాత్రం ఆ కేసులో ఒక్క డాలరు కూడా రాలేదు.

అమెరికా అంటే మనకు డాలర్లు, కార్లు, వారానికి అయిదు రోజుల పని. కష్టపడితే చాలు, ఎంత ఎత్తుకైనా ఎదగొచ్చనే మాట అక్కడ పిల్లలకు ఉగ్గుపాలతో పోస్తారు. లిల్లీ కూడా ఆ మాట నమ్మి పెరిగిన మనిషే. అందుకే ఆమె కథకు అక్కడ అంత పేరొచ్చింది.

పత్తి చేల నుంచి టైర్ల ఫ్యాక్టరీకి

అలబామా రాష్ట్రంలో పాసమ్ ట్రాట్ అని ఓ పల్లె. 1938లో లిల్లీ పుట్టింది. ఇంట్లో కరెంటు లేదు, కుళాయి లేదు. చిన్నప్పుడు తాతగారి పొలంలో పత్తి తీసింది. పదిహేడేళ్లకే చార్లెస్ లెడ్‌బెటర్‌తో పెళ్లయింది. ఇద్దరు పిల్లలు. వాళ్లు కాస్త ఎదిగాక ఉద్యోగంలో చేరింది. పన్ను లెక్కలు వేసిపెట్టే ఓ కంపెనీలో చేరి, అంచెలంచెలుగా కొన్ని శాఖలను ఒంటిచేత్తో నడిపే స్థాయికి వచ్చింది. తర్వాత కొన్నాళ్లు దగ్గర్లోని విశ్వవిద్యాలయంలో పనిచేసింది.

ఆ ప్రాంతంలో మంచి జీతం, పెన్షన్ ఉన్న ఉద్యోగం అంటే గాడ్స్‌డెన్‌లోని గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీయే. 1929 నుంచి ఉన్న ఫ్యాక్టరీ అది. అక్కడ మేనేజర్ల స్థానాల్లోకి ఆడవాళ్లను కూడా తీసుకుంటున్నారని తెలిసి లిల్లీ దరఖాస్తు పెట్టింది. 1979లో ఉద్యోగం వచ్చింది. అప్పటికి ఆమెకు నలభయ్యేళ్లు.

పని తేలికేం కాదు. రబ్బరు వాసన, యంత్రాల హోరు. చాలావరకు రాత్రి షిఫ్టులే. ఏరియా మేనేజర్‌గా తన కింద పనిచేసేవాళ్లను అజమాయిషీ చేయాలి, రోజు లెక్క రోజే అప్పజెప్పాలి. ఆడమనిషి చెబితే వినేదేమిటని మొరాయించే మగాళ్లు సరేసరి. తొలినాళ్లలో ఓ పైఅధికారి అసభ్యంగా ప్రవర్తిస్తున్నాడని ఆమె ఫిర్యాదు కూడా చేయాల్సి వచ్చింది. ఈ ప్లాంటుకు ఆడవాళ్లు అక్కర్లేదు, వాళ్లతో తలనొప్పులే తప్ప ఉపయోగం లేదని ప్లాంటు మేనేజరు తన ముఖం మీదే అన్నాడని ఆమె తర్వాత కోర్టులో చెప్పింది. అయినా ఉద్యోగం వదల్లేదు. 1996లో పని బాగా చేసిందని కంపెనీ ఆమెకు అవార్డు కూడా ఇచ్చింది.

ఇక జీతం సంగతి. ఆ ఫ్యాక్టరీలో ఒకరి జీతం గురించి మరొకరు మాట్లాడుకోకూడదన్నది నియమం. చేరినప్పుడే ఆ మాట గట్టిగా చెప్పారట. మాట్లాడితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఇంట్లో ఇద్దరు పిల్లల చదువులు, ఇంటి అప్పు ఉన్న మనిషి అడిగి తెలుసుకునే సాహసం చేస్తుందా?

చీటీలో నాలుగు పేర్లు

1998 మొదట్లో ఒకరోజు. షిఫ్టుకు వచ్చిన లిల్లీ ఎప్పటిలాగే ఫ్యాక్టరీలో తన ఉత్తరాల గూడు చూసుకుంది. అందులో చిరిగిన కాగితం ముక్క ఒకటి ఉంది. దాని మీద నాలుగు పేర్లు. ఒకటి తనది, మూడు తనలాగే ఏరియా మేనేజర్లుగా పనిచేస్తున్న మగవాళ్లవి. పేరు పక్కన జీతం. సంతకం లేదు, ఇంకే మాటా లేదు. తన పేరు పక్కనున్న అంకె అక్షరాలా సరిపోయింది. అంటే మిగతావీ నిజమే అయ్యుండాలి!

ఆ అంకెలు తర్వాత కోర్టు రికార్డులకెక్కాయి కాబట్టి మనకూ తెలుసు. 1997 చివరికి లిల్లీ జీతం నెలకు 3,727 డాలర్లు. అదే పని చేస్తున్న మగ ఏరియా మేనేజర్లు పదిహేను మంది. వాళ్లందరిలోకీ తక్కువ తెచ్చుకుంటున్నతనికి 4,286 డాలర్లు. ఎక్కువ తెచ్చుకుంటున్నతనికి 5,236. అంటే మగాళ్లలో అట్టడుగున ఉన్నవాడి కన్నా ఆమెకు ఏడాదికి 6,708 డాలర్లు తక్కువ. పైన ఉన్నవాడితో పోలిస్తే పద్దెనిమిది వేలకు పైనే తక్కువ. ఆ పదిహేను మందిలో కొందరు ఆమె కన్నా వెనక చేరినవాళ్లు కూడా.

ఆ రాత్రి షిఫ్టు ఎలా గడిచిందో ఆమెకే తెలియాలి. బుర్రలో లెక్కలు తిరుగుతూనే ఉన్నాయట. పోయింది జీతం ఒక్కటే అయితే సరే. ఓవర్‌టైం కట్టేది జీతాన్ని బట్టే. పెన్షన్ లెక్కగట్టేదీ జీతాన్ని బట్టే. ముసలితనంలో ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ సొమ్మూ అంతే. జీతం తగ్గిందంటే బతికినన్నాళ్లూ తగ్గినట్టే.

ఇంటికెళ్లి భర్తకు చెప్పింది. ఫిర్యాదు చేద్దామనుకుంటున్నానంది. చార్లెస్ వద్దనలేదు, ఆలోచించుకోమని కూడా అనలేదు. ఎన్నింటికి బయల్దేరదామని మాత్రం అడిగాడట! ఇద్దరూ కారెక్కి బర్మింగ్‌హామ్‌లో ఉన్న సమాన ఉద్యోగావకాశాల కమిషన్ ఆఫీసుకు వెళ్లారు. 1964 నాటి పౌరహక్కుల చట్టం కింద ఏర్పడిన సంస్థ అది. రంగు, మతం, పుట్టిన దేశం, ఆడా మగా అన్న తేడా చూపి ఉద్యోగంలో అన్యాయం చేస్తే ముందుగా తొక్కాల్సిన గడప అదే.

ఫిర్యాదు చేశాక ఆమెను వేరే పనికి మార్చారు. అరవై ఏళ్ల వయసులో ఒక్కోటి 80 పౌండ్ల టైర్లు ఎత్తే పని. అంటే సుమారు 36 కిలోలు! ఇది కక్షసాధింపేనని ఆమె వాదించింది. 1998 నవంబరులో ముందస్తు పదవీ విరమణ తీసుకుంది. మరుసటి ఏడాది కోర్టులో దావా వేసింది.

తేడా పెరిగేదిలా...

ఇక్కడో విషయం గమనించాలి. 1979లో చేరినప్పుడు లిల్లీ జీతం మగవాళ్లతో సమానంగానే ఉంది. తేడా మొదటి రోజు లేదు. ఏటా ఇచ్చే ఇంక్రిమెంట్ల దగ్గరే దెబ్బపడింది. ఒక ఏడు కాస్త తక్కువ, ఒక ఏడు అసలు లేదు. తీరా చూస్తే అందరి కన్నా కిందకు జారింది.

ఇంక్రిమెంటు అంటే పాత జీతం మీద శాతం. అక్కడుంది కిటుకు. లెక్కకోసం ఓ ఉదాహరణ చూడండి. ఇద్దరు వెయ్యి రూపాయల జీతంతో ఒకే రోజు చేరారు. ఒకరికి ఏటా అయిదు శాతం, ఇంకొకరికి మూడు శాతం పెంచుతున్నారు. మొదటి ఏడాది తేడా ఇరవై రూపాయలు. ఎవరు పట్టించుకుంటారు? పందొమ్మిదేళ్లు గడిచేసరికి మొదటివారి జీతం 2,527, రెండోవారిది 1,754. చక్రవడ్డీ అప్పుల్లోనే కాదు, జీతాల్లోనూ ఉంటుంది.

కంపెనీ వాదన కంపెనీకి ఉంది. జీతాలు పనితీరును బట్టే పెంచామని, ఆమె పనితీరుకు మార్కులు తక్కువ వచ్చాయని చెప్పింది. కానీ విచారణలో కొన్ని నిజాలు బయటపడ్డాయి. ఒక దశలో ఆ హోదాకు కంపెనీ తనే పెట్టుకున్న కనీస జీతం కన్నా కూడా ఆమెకు తక్కువ ఇచ్చారని స్వయంగా ఆమె పాత అధికారే ఒప్పుకున్నాడు. అక్కడ మేనేజర్లుగా చేసిన మరికొందరు ఆడవాళ్లూ వచ్చి సాక్ష్యమిచ్చారు. వాళ్లలో ఒకామెకైతే తన కింద పనిచేసే మగవాళ్ల కన్నా జీతం తక్కువ!

2003లో జ్యూరీ లిల్లీ పక్షాన తీర్పు చెప్పింది. బకాయి జీతం, మనోవేదన, కంపెనీకి జరిమానా అన్నీ కలిపి ముప్ఫై లక్షల డాలర్లకు పైనే ఇమ్మంది. పేపర్లలో పెద్దపెద్ద అక్షరాలతో వచ్చే అంకె అది. కానీ అంత సొమ్ము ఇచ్చే వీలు చట్టంలోనే లేదు. ఎంత పెద్ద కంపెనీ అయినా ఇలాంటి కేసుల్లో మనోవేదనకు, జరిమానాకు కలిపి మూడు లక్షల డాలర్లు దాటకూడదని 1991లో పరిమితి పెట్టారు. బకాయి జీతం రెండేళ్లకు మించి ఇవ్వరు. దాంతో జడ్జి దాన్ని 3,60,000 డాలర్లకు కుదించాడు.

పోనీ అదైనా చేతికొచ్చిందా అంటే అదీ లేదు. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. 2005లో అట్లాంటాలోని అప్పీళ్ల కోర్టు తీర్పును కొట్టేసింది. లిల్లీ సుప్రీంకోర్టు తలుపు తట్టింది.

అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు

2007 మే 29. తొమ్మిది మంది న్యాయమూర్తుల్లో అయిదుగురు కంపెనీ వైపు నిలిచారు. మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ శామ్యూల్ అలీటో. జీతంలో వివక్ష లేదని ఆ తీర్పు చెప్పలేదు. ఫిర్యాదుకు గడువు దాటిపోయిందని చెప్పింది. వివక్ష చూపుతూ జీతం నిర్ణయించిన రోజు నుంచి 180 రోజుల్లోగా ఫిర్యాదు చేయాలన్నది చట్టం. ఆ నిర్ణయాలు ఏళ్ల కిందటివి. ఇప్పుడు అందుకుంటున్న తక్కువ జీతం వాటి ఫలితమే తప్ప కొత్త తప్పు కాదు... ఇదీ వాదన.

సామాన్యుడి భాషలో చెప్పాలంటే, దొంగతనం జరిగిన ఆరు నెలల్లోగా ఫిర్యాదు చేయాలి, దొంగతనం జరిగినట్టు నీకు తెలిసినా తెలియకపోయినా సరే అన్నట్టు. జీతాల మాట ఎత్తకూడదని నోరు కట్టేసేదీ వాళ్లే, ఇన్నాళ్లూ నోరెందుకు విప్పలేదని అడిగేదీ వాళ్లే! చట్టం అక్షరాలు ఆ అర్థమిస్తాయేమో గానీ న్యాయం అనే మాటకు మాత్రం అది చాలా దూరం.

ఆ మాట గట్టిగా అన్నది జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. శాండ్రా డే ఓకానర్ 2006లో పదవీ విరమణ చేశాక అప్పటికి ఆ కోర్టులో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆమె. భిన్నాభిప్రాయం రాసి ఫైల్లో పెట్టి ఊరుకోవడం మామూలు. గిన్స్‌బర్గ్ అలా ఊరుకోలేదు. అందరి ముందూ చదివి వినిపించారు. అరుదుగా చేసే పని అది. జీతంలో తేడా ఒక్కసారిగా రాదు, కొంచెం కొంచెంగా పెరుగుతుంది, పక్కవారికెంతో తెలియకుండా దాచిపెడతారు, మగవాళ్ల మధ్య ఒంటరిగా నెగ్గుకొస్తున్న మహిళ చిన్న తేడాకే గొడవపెట్టుకోవడానికి జంకుతుంది అన్నది ఆమె వాదన సారాంశం. ఇక బంతి చట్టసభ కోర్టులోనే ఉందని ముగించారు.

ఆమెకు ఈ బాధ పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. 1963లో రట్గర్స్ లా స్కూల్లో పాఠాలు చెప్పడానికి చేరినప్పుడు గిన్స్‌బర్గ్‌కు జీతం తక్కువ ఇచ్చారు. మీ భర్తకు మంచి ఉద్యోగం ఉంది కదా అన్నది అక్కడి పెద్దలు చెప్పిన కారణం! తమాషా ఏమిటంటే సమాన పనికి సమాన జీతం చట్టం మీద అధ్యక్షుడు కెన్నెడీ సంతకం చేసింది కూడా ఆ 1963లోనే. తర్వాత ఆ విశ్వవిద్యాలయంలోని మహిళా అధ్యాపకులు కలిసి పోరాడి జీతాలు పెంచుకున్నారు.

మొగుడి జీతం లెక్కలోకి తీసుకుని పెళ్లాం జీతం కట్టడం ఒక్క అమెరికాకే పరిమితమా అంటే, ఆ జవాబు ఎవరి ఇంట్లో వాళ్లకు తెలుసు.

కోర్టులో ఓడి, చట్టసభలో గెలిచి

తీర్పు వచ్చేసరికి లిల్లీకి 69 ఏళ్లు. ఇంట్లో కూర్చుని మనవలతో గడపాల్సిన వయసు. ఆవిడ మాత్రం రాజధాని వాషింగ్టన్ బాట పట్టింది. చట్టసభ సభ్యుల ముందు సాక్ష్యం చెప్పింది. తన కేసు ఎటూ ముగిసిపోయింది. కొత్త చట్టం వచ్చినా తనకు పైసా రాదని ఆమెకు తెలుసు. అయినా తిరిగింది.

2007 జులైలో దిగువ సభ బిల్లును ఆమోదించింది. 2008 ఏప్రిల్‌లో సెనేట్‌లో ఆగిపోయింది. అక్కడ బిల్లు ముందుకు కదలాలంటే అరవై ఓట్లు కావాలి. వచ్చింది 56. ఆ ఆగస్టులో డెన్వర్‌లో జరిగిన డెమోక్రటిక్ పార్టీ మహాసభలో లిల్లీ మాట్లాడింది. డిసెంబరులో చార్లెస్ క్యాన్సర్‌తో చనిపోయాడు. పదేళ్ల కిందట మారుమాట లేకుండా కారు తీసిన మనిషి, ఇంకో నెలన్నర ఉంటే ఫలితం చూసేవాడు.

2009 జనవరి 29న కొత్త అధ్యక్షుడు ఒబామా లిల్లీ లెడ్‌బెటర్ న్యాయమైన జీతం చట్టం మీద సంతకం చేశారు. అధ్యక్షుడయ్యాక ఆయన సంతకం చేసిన మొట్టమొదటి చట్టం అదే. ఆ చట్టం చెప్పేది ఒక్కటే ముక్క: వివక్షతో కూడిన జీతం చేతికందిన ప్రతిసారీ అది కొత్త తప్పే. గడువు అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది. చిన్న సవరణలా కనిపిస్తుంది గానీ, ఏళ్ల తరబడి మోసపోయి ఆలస్యంగా కళ్లు తెరిచినవాళ్లకు కోర్టు మెట్లెక్కే దారి ఇచ్చింది. ఆ చట్టం ప్రతిని ఫ్రేము కట్టించి గిన్స్‌బర్గ్ తన కార్యాలయంలో పెట్టుకున్నారు.

ఆ చట్టం అన్నీ చక్కబెట్టిందా అంటే, లేదు. కోర్టుకు వెళ్లే గడువును అది సరిచేసింది, అంతే. పక్కవారి జీతం తెలుసుకునే దారి చూపలేదు. మరో చీటీ వస్తేనే మరో లిల్లీకి నిజం తెలిసేది. జీతాల గురించి మాట్లాడుకునే హక్కు 1935 నాటి కార్మిక చట్టంలోనే ఉంది గానీ, అది సూపర్‌వైజర్లకు, మేనేజర్లకు వర్తించదు. లిల్లీ సూపర్‌వైజరు. 2014లో ఒబామా ఓ ఉత్తర్వు తెచ్చారు. ప్రభుత్వ కాంట్రాక్టులు తీసుకునే కంపెనీలు జీతాల గురించి మాట్లాడుకున్నారన్న కారణంతో ఉద్యోగులను శిక్షించకూడదన్నది దాని సారం. ఆ సభలోనూ లిల్లీ ఉంది. కానీ దానికి ఆధారమైన 1965 నాటి మూల ఉత్తర్వునే 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం రద్దు చేసింది. దేశమంతటికీ వర్తించేలా జీతాల గోప్యతను తొలగించే బిల్లు 1997 నుంచి చట్టసభలో పదేపదే పెడుతూనే ఉన్నారు. చట్టం కాలేదు.

కదలిక వచ్చిందల్లా రాష్ట్రాల్లోనే. పాత ఉద్యోగంలో జీతమెంత అని అభ్యర్థిని ముందే అడగకూడదని మసాచుసెట్స్ 2016లో చట్టం చేసింది. ఒకచోట తక్కువిస్తే, ఆ తక్కువే కొలబద్దగా జీవితాంతం వెంటాడుతుంది కదా! కొలరాడోలో 2021 నుంచి ఉద్యోగ ప్రకటనలోనే జీతం ఎంత నుంచి ఎంత వరకో వేయాలి. న్యూయార్క్ నగరంలో 2022 నవంబరు నుంచి, కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో 2023 జనవరి నుంచి అదే పద్ధతి. కూరగాయల కొట్లో ధర రాసిపెట్టినట్టు ఉద్యోగానికీ ధర రాసిపెట్టడమన్నమాట. బేరం ఆడేవాడికి అసలు ధర తెలియడం కన్నా బలం ఏముంటుంది?

1963లో అమెరికాలో ఏడాదంతా పూర్తికాలం పనిచేసే మగవాడికి ఒక డాలరు వస్తే ఆడమనిషికి 59 సెంట్లు వచ్చేవి. 2023 నాటికి 83 సెంట్లు. అయితే ఇది అన్ని ఉద్యోగాలూ కలిపి చూసిన లెక్క. అదే పని చేస్తే ఇంత తేడా ఉంటుందని దీని అర్థం కాదు. పిల్లలు పుట్టాక మానేసినవాళ్లు, తక్కువ జీతాలుండే పనుల్లోకే వెళ్లక తప్పనివాళ్లు అందరూ ఇందులో ఉన్నారు. లిల్లీ కథలోలాగా ఒకే పని, ఒకే హోదా, వేర్వేరు జీతాలు అన్నది ఈ తేడాలో ఒక భాగమే. ఈ తేడా లెక్కను చూపించి ఇదంతా వివక్షేనని ఒకరు, అసలు వివక్షే లేదని ఇంకొకరు టీవీల్లో వాదించుకుంటూ ఉంటారు. రెండూ అతిశయోక్తులే.

గాడ్స్‌డెన్ ఫ్యాక్టరీ 2020లో మూతపడింది. లిల్లీకి మాత్రం చివరిదాకా ఆ పాత జీతం లెక్కన కట్టిన పెన్షనే. 2024 అక్టోబరు 12న, 86 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసింది. ఆమె కథతో తీసిన సినిమా, ప్యాట్రీషియా క్లార్క్‌సన్ ఆమె పాత్ర వేసింది, ఆ నెలలోనే ఓ చలనచిత్రోత్సవంలో మొదటిసారి ప్రదర్శించారు. ఆ చీటీ పెట్టిందెవరో ఆమెకు తెలియనే లేదు.

మనవాళ్ల సంగతేమిటి?

ఇప్పుడు మన ఇళ్ల వైపు వద్దాం. తెలుగునాట ఏ వీధిలో చూసినా అమెరికాలో ఉద్యోగం చేస్తున్న పిల్లలున్నవాళ్లు ఒకరిద్దరైనా కనిపిస్తారు. అబ్బాయికో అమ్మాయికో అక్కడ జీతం సరిగ్గా ఇస్తున్నారా లేదా అన్నది ఇక్కడ అమ్మానాన్నలకు ఫోన్లో తెలిసేది కాదు. బాగానే ఉన్నామమ్మా అనేస్తారు.

లిల్లీకి లేని సదుపాయం ఒకటి హెచ్1బీ వీసా మీద పనిచేసేవాళ్లకు ఉంది. వాళ్ల జీతం రహస్యం కాదు! వీసాకు ముందు కంపెనీ అమెరికా కార్మిక శాఖకు ఓ దరఖాస్తు పెట్టుకోవాలి. ఏ ఉద్యోగం, ఏ ఊరు, ఎంత జీతం అన్నీ అందులో రాయాలి. అదే పని చేస్తున్న తమ మిగతా ఉద్యోగులకు ఇస్తున్న జీతం, ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న జీతం... ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది ఇస్తామని ఒప్పుకోవాలి. ఆ వివరాలతో నోటీసును పనిచేసే చోట అందరికీ కనిపించేలా రెండు చోట్ల పది రోజులపాటు అంటించాలి, లేదంటే కంప్యూటర్ ద్వారా ఉద్యోగులకు తెలియజేయాలి. ఈ దరఖాస్తుల వివరాలను కార్మిక శాఖ అందరికీ అందుబాటులో పెడుతుంది కూడా. ఏ కంపెనీ ఏ ఊళ్లో ఏ ఉద్యోగానికి ఎంత ఇస్తానందో ఇక్కడ కూర్చుని కూడా చూడొచ్చు.

ఇంకో మాట మనవాళ్లందరికీ పరిచయమే. బెంచ్! ప్రాజెక్టు లేదు, బెంచ్ మీద ఉన్నావు, జీతం లేదు అంటుంటారు కొన్ని కన్సల్టెన్సీలవాళ్లు. అది చట్టవిరుద్ధం. హెచ్1బీ మీద ఉద్యోగంలో చేరిన మనిషికి కంపెనీ పని చూపించలేకపోతే ఆ తప్పు కంపెనీది. జీతం ఇచ్చి తీరాలి. వీసా దరఖాస్తుకు లాయరు ఫీజును జీతంలోంచి కోసుకోవడమూ కుదరదు. ఇలాంటి వాటి మీద కార్మిక శాఖ వేతన విభాగానికి ఏడాదిలోగా ఫిర్యాదు చేయొచ్చు.

వివక్ష కేసుల గడువు సంగతి వేరు. అలబామాలో లిల్లీకి 180 రోజులు. సొంతంగా వివక్ష నిరోధక సంస్థలున్న చాలా రాష్ట్రాల్లో అది 300 రోజులు. పౌరసత్వం ఉన్నా లేకపోయినా అమెరికాలో పనిచేసే ఎవరికైనా ఆ 1964 చట్టం వర్తిస్తుంది.

చెప్పినంత తేలిక కాదని అక్కడున్న పిల్లలు అంటారు. నిజమే. ఉద్యోగం పోతే హెచ్1బీ మీదున్నవాళ్లకు కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఇంటి అద్దె, కారు వాయిదా, పిల్లల బడి అన్నీ ఆ అరవై రోజులకు వేలాడుతుంటే యజమాని మీద ఫిర్యాదు చేయడానికి చెయ్యి ఎవరికి లేస్తుంది? ఫిర్యాదు చేసినందుకు కక్షసాధిస్తే అదీ నేరమేనని చట్టం చెబుతుంది గానీ, చట్టం కన్నా ముందు అద్దె కట్టాల్సిన తేదీ వస్తుంది. లిల్లీ ఫిర్యాదు చేసే నాటికి ఆమె పిల్లలు పెద్దవాళ్లయిపోయారు, పదవీ విరమణ దగ్గరికొచ్చింది. ముప్ఫై ఏళ్ల వయసులో, చంకన పిల్లతో ఆ చీటీ దొరికి ఉంటే ఏం చేసేదో ఎవరు చెప్పగలరు?

అందుకే చేరేటప్పుడే చూసుకోవాల్సింది ఒకటుంది. కార్మిక శాఖకు పెట్టిన ఆ దరఖాస్తు కాపీని ఉద్యోగి పనిలో చేరే రోజు నాటికల్లా కంపెనీయే అతని చేతికివ్వాలి. అందులో రాసిన జీతం, బ్యాంకులో పడుతున్న జీతం ఒకటేనా కాదా అన్నది పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. పెళ్లి సంబంధాల దగ్గర ఆరా తీసినంత శ్రద్ధగా ఆ కాగితం గురించి ఫోన్లో ఒకసారి అడిగే తల్లిదండ్రులు ఎందరుంటారో!